రోడ్డుకీ ట్రాక్‌కీ ఒకే పోలో: సస్పెన్షన్‌లో ఏది ముందు, ఏది తర్వాత, ఏది వద్దు

హైదరాబాద్ నుంచి చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో ఉన్న మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్‌కి సుమారు 650 కిలోమీటర్లు. కోయంబత్తూరు దగ్గరి కరి మోటార్ స్పీడ్‌వేకి 900 దాటుతుంది. ట్రాక్ డేకి (సొంత కారుని రేస్ ట్రాక్ మీద నడుపుకునే రోజు) బయల్దేరిన ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్ఐ ఆ దూరమంతా తన చక్రాల మీదే వెళ్లాలి, రోజంతా ట్రాక్‌లో తిరగాలి, మళ్లీ తన చక్రాల మీదే ఇల్లు చేరాలి. చెన్నై సర్క్యూట్ పొడవు 3.717 కిలోమీటర్లు. 25 ల్యాపులు వేసినా వంద కిలోమీటర్లు నిండవు. రానూపోనూ హైవే మాత్రం 1,300.

సస్పెన్షన్‌కి డబ్బు తీసే ముందు ఈ లెక్క ఎదురుగా పెట్టుకోవాలి. ఇలా బతికే కారుకి మొదట చూడాల్సింది షాక్ అబ్జార్బర్ నాణ్యత, అది కదలడానికి మిగిలిన చోటు. ఎత్తు తగ్గించడం, స్ప్రింగు గట్టిపరచడం ఆ తర్వాతి మాటలు. చాలామంది ఈ వరస తిరగేస్తారు, అందుకే ఒకే కారుకి రెండు మూడుసార్లు ఖర్చు పెడతారు.

ఇక్కడ ఉదాహరణకి 2010 నుంచి 2022 దాకా మన దగ్గర అమ్మిన పోలోని తీసుకున్నాం. ముందు మెక్‌ఫర్సన్ స్ట్రట్ (స్ప్రింగూ షాకూ కలిసిన నిలువు గొట్టం), వెనక టార్షన్ బీమ్ (రెండు చక్రాలనీ కలిపే, మెలిపడే దూలం). స్విఫ్ట్, ఐ20, వెంటో, వర్టుస్, స్లావియా అన్నిటిదీ ఇదే అమరిక. అంకెలు మారతాయి, ఆలోచన మారదు.

కొనే ముందు టేపు తీయండి

మొదటి కొలత కారు కింద ఖాళీ. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణంలో స్పీడ్ బ్రేకర్ ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు, వంపు వ్యాసార్ధం 17 మీటర్లు. పోలో వీల్‌బేస్ సుమారు 2.46 మీటర్లు. నాలుగు చక్రాలూ ఆ వంపు మీద ఉన్నప్పుడు కారు నడుము కిందికి పొడుచుకొచ్చేది దాదాపు 45 మిల్లీమీటర్లే. ప్రమాణం ప్రకారం పోసిన స్పీడ్ బ్రేకర్‌ని 120 మి.మీ. ఖాళీ ఉన్న కారు కూడా హాయిగా దాటుతుంది. ఇబ్బందంతా కాలనీల్లో అర మీటరు వెడల్పున పోసిన సిమెంటు దిమ్మెలతోనే. వాటి 100 మి.మీ. ఎత్తూ అలాగే కారు నడుము కిందికి వస్తుంది. పైగా వెనక ఇద్దరు కూర్చుని, డిక్కీలో సామాను పెడితే వెనక భాగం మరో 35 మి.మీ. దిగుతుంది. మీ ఇంటి నుంచి మెయిన్ రోడ్డు దాకా ఉన్నవాటిలో అన్నిటికంటే చెడ్డ స్పీడ్ బ్రేకర్‌ని కొలిచి, దానికి 35 కలపండి. కారు కింద ఖాళీ ఆ అంకె కంటే తగ్గకూడదు. ఏ కంపెనీ కేటలాగూ ఈ సంఖ్య చెప్పదు.

రెండో కొలత షాక్ రాడ్‌లో మిగిలిన కదలిక. దీనికి ఒక జిప్ టై చాలు. ముందు స్ట్రట్ డస్ట్ కవర్‌ని పైకి మడిచి కట్టి, మెరిసే రాడ్ చుట్టూ జిప్ టై బిగించి, కిందికి గొట్టం మూతకి ఆనేదాకా జరపండి. మీరు రోజూ వెళ్లే దారిలో ఒక రౌండ్ కొట్టి రండి. రాడ్ లోపలికి దిగినప్పుడల్లా గొట్టం ఆ టైని పైకి నెడుతుంది. రాడ్ మళ్లీ బయటికి వచ్చినా టై మాత్రం పైనే ఆగిపోతుంది. టైకీ బంప్ స్టాప్‌కీ (కదలిక చివర రాడ్‌ని ఆపే రబ్బరు దిమ్మె) మధ్య మిగిలిన చోటే మీ దగ్గరున్న నిల్వ. అది 20 మి.మీ. ఉంటే, 30 మి.మీ. కిందికి దించే స్ప్రింగు వేసిన రోజే కారు బంప్ స్టాప్ మీద నడవడం మొదలుపెడుతుంది. గట్టి స్ప్రింగు కొంత కాపాడుతుంది కానీ పూర్తిగా కాదు.

మూడోది కొలత కాదు, లెక్క. బాడీ తన స్ప్రింగు మీద సెకనుకి ఎన్నిసార్లు ఊగుతుందో హెర్ట్జ్‌లో చెబుతారు. కంపెనీ నుంచి వచ్చిన మామూలు కారు 1.2 నుంచి 1.4 మధ్య ఉంటుంది. రోడ్డుకీ ట్రాక్‌కీ కలిపి వాడేదానికి 1.7 నుంచి 2.0 సరిపోతుంది. 2.2 దాటితే మన రోడ్ల మీద నడుముతో పాటు టైరు పట్టు కూడా పోతుంది, ఎందుకంటే గతుకుల మీద చక్రం నేలని వదిలి గెంతుతుంది.

డ్రైవర్‌తో కలిపి సుమారు 1,180 కిలోల పోలోలో ముందు ఒక్కో చక్రం స్ప్రింగు మీద నిలిచే బరువు 320 కిలోలు అనుకుందాం. 6.28ని కావలసిన హెర్ట్జ్‌తో గుణించి, వర్గం చేసి, ఆ బరువుతో గుణించి, వెయ్యితో భాగించండి. 1.7 హెర్ట్జ్‌కి చక్రం దగ్గర 36.5 న్యూటన్/మి.మీ., 2.0కి 50.5 వస్తుంది. మెక్‌ఫర్సన్‌లో చక్రం 10 మి.మీ. లేస్తే స్ప్రింగు సుమారు 9.5 నలుగుతుంది. 0.95 వర్గంతో భాగిస్తే స్ప్రింగు గట్టిదనం వరసగా 40, 56 న్యూటన్/మి.మీ. తైవాన్ కిట్ల భాషలో మి.మీ.కి 4.1 కిలోలు, 5.7 కిలోలు. ఇప్పుడు ముందు 8 కిలోల స్ప్రింగుతో వచ్చే కాయిలోవర్ (ఎత్తు మార్చుకోగల స్ప్రింగు, షాక్ సెట్) డబ్బాని చూడండి. అది 2.4 హెర్ట్జ్ దగ్గర పడుతుంది. స్లిక్ టైర్లతో (గాడుల్లేని రేసు టైర్లు), ట్రెయిలర్ మీద వెళ్లే కారుకి సరే, నార్కట్‌పల్లి–అద్దంకి మీదుగా గంటల తరబడి నడిచే కారుకి అది తగదు.

వెనక టార్షన్ బీమ్‌లో స్ప్రింగు చక్రం సరసన ఉండదు, ఆ నిష్పత్తి 0.95 కంటే బాగా తక్కువ. జాక్‌తో రెండు వెనక చక్రాలనీ సమానంగా 50 మి.మీ. లేపి, స్ప్రింగు ఎంత నలిగిందో కొలిచి భాగించుకోండి. వెనక హెర్ట్జ్‌ని ముందుకంటే 10 శాతం దాకా ఎక్కువ ఉంచడం ఇలాంటి ముందు చక్రాల డ్రైవ్ కార్లకి నప్పుతుంది.

పాతది బాగుచేయడమా, కొత్తది వేయడమా

70–80 వేల కిలోమీటర్లు తిరిగిన పోలోకి మొదటి అప్‌గ్రేడ్ కంపెనీ షాక్స్ కొత్తవి వేయడమే. వాటితో పాటు స్ట్రట్ టాప్ మౌంట్లు, బేరింగులు, బంప్ స్టాప్‌లు, లోయర్ ఆర్మ్ (చక్రాన్ని బాడీకి కలిపే కింది చేయి) వెనక బుష్‌లు (కీలులోని రబ్బరు), లింక్ రాడ్లు, బాల్ జాయింట్లు. స్టీరింగ్ తిప్పిన క్షణానికీ కారు తిరిగిన క్షణానికీ మధ్య కనిపించే ఆ మందకొడితనం చాలావరకు అరిగిన ఆర్మ్ బుష్‌దే. దాన్ని అలాగే ఉంచి ఖరీదైన కాయిలోవర్ వేస్తే, కొత్త గట్టి స్ప్రింగు తోసే బలమంతా ఆ పగిలిన రబ్బరు మీదే పడుతుంది.

దీనికి మంచి టైర్లు, ట్రాక్‌కి పనికొచ్చే బ్రేక్ ప్యాడ్లు, కొత్త డాట్ 4 ఫ్లూయిడ్, సరైన అలైన్‌మెంట్ కలిపితే మొదటి రెండు మూడు ట్రాక్ డేలకి ఇంకేమీ అక్కర్లేదు. కారు పక్కకి ఒరుగుతుంది. ఒరగనివ్వండి. ఆ ఒరుగులో బరువు ఎటు మారుతోందో డ్రైవర్ ఒంటికి తెలుస్తుంది, ఎక్కడ పట్టు పోతోందో నేర్పుతుంది. అది తెలియకుండా తర్వాతి భాగం ఎంచుకోవడం చీకట్లో బాణం వేయడమే.

పాత షాక్స్ మీద లోయరింగ్ స్ప్రింగులు

అందరికీ ముందు తట్టేది ఇదే, ఎందుకంటే ఖర్చు తక్కువ, కారు చూడ్డానికి బాగుంటుంది. ట్రాక్‌కి వెళ్లే కారుకి మాత్రం వద్దని గట్టిగా చెబుతాం.

స్ప్రింగు 30 శాతం గట్టిపడితే, ఊగుడు మునుపటిలా అన్నే ఊపుల్లో ఆగాలంటే షాక్ 14 శాతం గట్టిగా పట్టాలి. 1.3కి వర్గమూలం 1.14, అదీ లెక్క. కంపెనీ షాక్‌కి ఆ శక్తి ఉండదు, పాతదైతే అసలే ఉండదు. రాడ్ ఎప్పుడూ లోపలికి దిగి ఉంటుంది కాబట్టి బంప్ స్టాప్ ముందే తగులుతుంది. మలుపు మధ్యలో బయటి ముందు చక్రం బంప్ స్టాప్‌ని తాకిందంటే ఆ మూల గట్టిదనం ఒక్కసారిగా ఎన్నో రెట్లు పెరుగుతుంది. టైరు ఆ బరువు మోయలేక జారుతుంది, కారు మలుపు బయటికి వెళ్తుంది. డ్రైవర్ దాన్ని టైరు లోపమనుకుని ఇంకో సెట్ టైర్లు కొంటాడు.

యూరప్ స్ప్రింగుల్లో ఇంకో మెలిక ఉంది. మన రోడ్ల కోసం పోలోని ఇక్కడ ఎత్తు పెంచి అమ్మారు. పెట్టె మీద 30 మి.మీ. అని ఉంటే అది యూరప్ ఎత్తు నుంచి 30. మన కారు అంతకంటే ఎక్కువే దిగుతుంది.

జత కుదిర్చిన కిట్, కాయిలోవర్

అసలు తేల్చుకోవాల్సింది ఇక్కడే.

జత కుదిర్చిన కిట్ అంటే స్ప్రింగూ షాకూ ఒకదానికొకటి తగ్గట్టు తయారైనవి. బిల్‌స్టీన్ బీ12లో ఐబాక్ ప్రో కిట్ స్ప్రింగులు, రాడ్ పొట్టి చేసిన బీ8 షాక్స్ కలిసి వస్తాయి. రాడ్ పొట్టిది కాబట్టి జాక్ మీద లేపినప్పుడు స్ప్రింగు వదులై పక్కకి జారదు. తిప్పడానికి ఏమీ ఉండదు, చెడగొట్టుకోవడానికీ ఏమీ ఉండదు. కంపెనీ ఎత్తే ఉంచుకుని షాక్ మాత్రం మార్చాలనుకుంటే అదే కంపెనీ బీ6 ఉంది. స్పీడ్ బ్రేకర్ కొలత 125 దాటిన వాళ్లు నేరుగా అటు చూడొచ్చు. ఎత్తు తగ్గకుండా కూడా ట్రాక్‌లో తేడా స్పష్టంగా తెలిసే మార్పు ఇది, దీని విలువ మన దగ్గర తగినంత గుర్తింపు పొందలేదు.

కాయిలోవర్‌లో ఎత్తు మార్చుకోవచ్చు. బిల్‌స్టీన్ బీ14, కేడబ్ల్యూ వీ1 లాంటి వాటిలో షాక్ పట్టు ఫ్యాక్టరీలో పెట్టిందే. బీ16లో 10 మెట్లు, ఒకే నాబ్‌తో నలుగుడూ తిరిగి లేవడమూ రెండూ మారతాయి. కేడబ్ల్యూ వీ3లో రెండూ విడివిడిగా. బీసీ రేసింగ్ బీఆర్‌లో 30 క్లిక్కులు. క్లిక్కుల సంఖ్య చూసి మురిసిపోవద్దు. 30 క్లిక్కుల్లో పనికొచ్చేవి ఏడో ఎనిమిదో ఉండి, మిగతావి మరీ వదులు, మరీ బిగుతు అయితే లాభమేముంది? అమ్మేవాళ్లని డైనో గ్రాఫ్ (షాక్ పట్టుని యంత్రం మీద కొలిచి గీసిన గీత) అడగండి. ఎడమ షాకూ కుడి షాకూ ఒకే క్లిక్ దగ్గర ఒకే గీత గీస్తే ఆ కిట్ కొనదగ్గది.

మన రోడ్ల మీద నిజంగా లెక్కలోకి వచ్చేది మెల్లగా కదిలినప్పటి పట్టుకీ వేగంగా కదిలినప్పటి పట్టుకీ ఉండే తేడా. మలుపులో బాడీ ఒరిగేటప్పుడు రాడ్ నెమ్మదిగా కదులుతుంది, అక్కడ గట్టిగా పట్టాలి. గుంతలో పడ్డప్పుడు రాడ్ దూసుకెళ్తుంది, అక్కడ వదిలేయాలి. మంచి షాక్‌లో లోపలి వాల్వు పలకల అమరిక ఈ రెండింటినీ వేరు చేస్తుంది. చవక షాక్ రెండుచోట్లా ఒకేలా బిగుసుకుంటుంది, అందుకే అది ట్రాక్‌లో బాగున్నట్టు అనిపించి హైవే మీద పళ్లు కదిలిస్తుంది.

టాప్ మౌంట్ సంగతి కూడా అడగండి. కొన్ని కిట్లలో రబ్బరు బదులు లోహపు గోళం బేరింగు ఉంటుంది. స్టీరింగ్ చక్కగా ఉంటుంది, కానీ దుమ్ము, వాన నీళ్లు చేరితే టక్ టక్ మంటుంది. క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికో బయటికో వాలే కోణం) మార్చే ప్లేట్ కోసం ముందు తప్పదు కాబట్టి వేస్తాం. వెనక మాత్రం రబ్బరే ఉండనివ్వండి.

ఏడాదికి రెండు ట్రాక్ డేలు, మిగతా రోజులు ఆఫీసు అయితే జత కుదిర్చిన కిట్. నాలుగు నుంచి ఆరు ట్రాక్ డేలు, ప్రత్యేకం ట్రాక్ టైర్ల సెట్ ఉంటే స్థిరమైన పట్టు ఉన్న మంచి కాయిలోవర్, దానికి క్యాంబర్ ప్లేట్లు. నలుగుడూ తిరిగి లేవడమూ విడివిడిగా మారే కిట్ టైము పెట్టి, నోట్సు రాసుకుని పరీక్షించే వాళ్లకే. నెలకోసారి ట్రాక్‌కి వెళ్తూ టైమ్ కోసం పోరాడే దశ వస్తే, ఆ ఖరీదైన కిట్ డబ్బుతో పాత రెండో కారు చూడటం మేలు.

కొనే ముందు ఇంకో రెండు విషయాలు చూడండి. జర్మన్ కిట్లకి ఇరుసు బరువు పరిమితి రాసి ఉంటుంది. డీజిల్ పోలో ముందు భాగం పెట్రోల్ కంటే బరువు, కాబట్టి మీ కారుకి రాసిన కిట్టే తీసుకోండి. స్ట్రట్ గొట్టం హబ్‌లోకి దూరే చోట వ్యాసాన్ని కాలిపర్‌తో కొలిచి, ఆర్డర్‌కి ముందే సరిచూసుకోండి. షాక్ లీకైతే రీబిల్డ్ ఎక్కడ చేస్తారో, పంపి తెప్పించే ఖర్చెంతో కూడా ముందే తెలుసుకోవాలి.

ఎంత కిందికి

సమతలమైన నేల మీద లోయర్ ఆర్మ్ లోపలి బుష్ మధ్యబిందువు ఎత్తు, బయటి బాల్ జాయింట్ మధ్యబిందువు ఎత్తు కొలవండి. కంపెనీ ఎత్తులో బాల్ జాయింట్ వైపు కిందికి వాలి ఉంటుంది. కారు దిగేకొద్దీ ఆర్మ్ అడ్డంగా వస్తుంది. అది అడ్డంగా అయ్యాక ఇంకా దించితే, రోల్ సెంటర్ (మలుపులో బాడీ ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో అది) బాడీ కంటే వేగంగా కిందికి పోతుంది. కారు కిందికి వచ్చినా ఒరిగే గుణం పెరుగుతుంది. చక్రం పైకి లేచినప్పుడు నెగటివ్ క్యాంబర్ (పైభాగం లోపలికి వాలడం) పెరగాల్సింది తగ్గడం మొదలవుతుంది. స్టీరింగ్‌ని చక్రానికి కలిపే టై రాడ్ కోణం చెడి గతుకు గతుక్కీ టో (పైనుంచి చూస్తే చక్రం ముందు అంచు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) మారుతుంది. ఆర్మ్ అడ్డంగా రావడానికి కొంచెం ముందే ఆగండి. చాలా కార్లకి అది కంపెనీ ఎత్తు నుంచి 20–25 మి.మీ. దగ్గరే.

యాంటీ రోల్ బార్, బుష్‌లు

యాంటీ రోల్ బార్ అంటే ఎడమ, కుడి చక్రాలని కలిపి ఒరుగుడు తగ్గించే కడ్డీ. ముందు చక్రాల డ్రైవ్‌లో ముందు బార్‌ని గట్టిపరిస్తే మలుపు నుంచి బయటికొచ్చేటప్పుడు లోపలి చక్రం తేలికై గిర్రున తిరుగుతుంది. అది కంపెనీదే ఉంచండి. వెనక టార్షన్ బీమ్‌కి అదనపు బార్ బిగిస్తే కారు మలుపులోకి చక్కగా ముక్కు పెడుతుంది, వెనక లోపలి చక్రం నేల నుంచి కాస్త లేస్తుంది, భయపడొద్దు. భయపడాల్సింది వానాకాలంలో. తడి ఫ్లైఓవర్ వంపులో ఉలిక్కిపడి యాక్సిలరేటర్ వదిలేస్తే ఇలాంటి కారు వెనక భాగం తిరుగుతుంది. కాబట్టి స్ప్రింగులూ షాకులూ అలవాటయ్యాక, చివర్లో, సన్నటి బార్‌తో మొదలుపెట్టండి. వెనక టైర్లు అరిగిపోయి ఉంటే ఈ బార్ అసలు వద్దు.

పాలీయురేథేన్ బుష్ లోయర్ ఆర్మ్‌కి పనికొస్తుంది, సిలికాన్ గ్రీజు పెట్టి బిగిస్తేనే, లేకపోతే కిర్రుమంటుంది. వెనక బీమ్ బుష్‌లు మాత్రం అన్ని దిక్కులా మెలిపడాలి. అక్కడ మంచి రబ్బరే వేయండి.

బిగింపులో చెడేవి

పోలో ముందు స్ట్రట్ గొట్టం హబ్‌లో బిగింపు పట్టులో కూర్చుంటుంది. సుత్తితో కొట్టి దించకూడదు, చీలికలో స్ప్రెడర్ పెట్టి తెరవాలి. ఈ పద్ధతి వల్లే ఇందులో క్యాంబర్ బోల్టులు పెట్టడం కుదరదు, పైన ప్లేటే దారి. కోణం లెక్కతో బిగించే బోల్టులు సాగుతాయి, ఒకసారి విప్పితే కొత్తవి వేయాలి. చక్రం బోల్టులు 120 న్యూటన్ మీటర్లు, 100 కిలోమీటర్ల తర్వాత మళ్లీ టార్క్ రెంచ్‌తో చూడాలి.

అన్నిటికంటే ఎక్కువ జరిగే పొరపాటు ఒకటుంది. కారు లిఫ్ట్ మీద ఉండగా, ఆర్మ్‌లు కిందికి వేలాడుతుండగా, రబ్బరు బుష్ బోల్టులు పూర్తిగా బిగించేస్తారు. కారు నేల మీదికి దిగగానే ఆర్మ్ పైకి తిరుగుతుంది, లోపలి లోహపు గొట్టం మాత్రం బిగిసి ఉంటుంది. మధ్యలో రబ్బరు తడి బట్ట పిండినట్టు మెలిపడి అలాగే ఉండిపోతుంది. కొన్ని నెలల్లో చిరుగుతుంది. వదులుగా పెట్టి, చక్రాల కింద దిమ్మెలు వేసి బరువు దించాక, నిలబడే ఎత్తులో బిగించమని మెకానిక్‌కి పని మొదలవకముందే చెప్పండి. ఎత్తు మార్చిన ప్రతిసారీ ఆ బోల్టులు వదులు చేసి మళ్లీ బిగించాలి.

అలైన్‌మెంట్, ట్రాక్ దగ్గర పని

ముందు క్యాంబర్ రెండు వైపులా మైనస్ 1.5 నుంచి 2 డిగ్రీలు, టో సున్నా. రోడ్డు మీద టైరు లోపలి అంచుని తినేది ఎక్కువగా టో, క్యాంబర్ కాదు. వెనక టార్షన్ బీమ్‌కి సర్దుబాటు లేదు, షిమ్‌లే (మధ్యలో పెట్టే పల్చటి లోహపు పలకలు) దారి. కొలిచి, రెండు వైపులా తేడా ఎక్కువుంటేనే వాటి జోలికి వెళ్లండి. డ్రైవర్ బరువుకి సమానమైన ఇసుక బస్తా సీట్లో పెట్టి కొలవమనండి. పని పూర్తయ్యాక స్టీరింగ్ నిటారుగా ఉండాలి, యాంగిల్ సెన్సర్ సున్నా చేయించాలి, లేకపోతే ఈఎస్‌పీ (కారు జారకుండా చూసే ఎలక్ట్రానిక్ వ్యవస్థ) తప్పుగా జోక్యం చేసుకుంటుంది. హెడ్‌లైట్ల ఎత్తు కూడా మళ్లీ పెట్టించండి.

ట్రాక్‌లో టైరు వేడి కొలిచే సూది థర్మామీటర్ దగ్గర ఉంచుకోండి. పిట్‌లోకి రాగానే బయటి అంచు, మధ్య, లోపలి అంచు చూడండి. బయటి అంచు లోపలి దానికంటే వేడిగా ఉంటే క్యాంబర్ చాలలేదు. మధ్య భాగం ఎక్కువ వేడెక్కితే గాలి ఎక్కువైంది. 27–28 పీఎస్ఐ చల్లటి గాలితో మొదలుపెట్టి, వేడెక్కాక 34 దగ్గర ఉండేలా దించుకుంటూ రండి. షాక్ సర్దుబాటు ఉంటే పూర్తి మెత్తదనం నుంచి మొదలుపెట్టి, ఒక్కో సెషన్‌కి రెండు క్లిక్కులు, ఒక్క ఇరుసుకే మార్చండి. కర్బ్ (ట్రాక్ అంచున ఉండే దిమ్మె) దాటాక కారు రెండోసారి ఊగకుండా కుదురుకుంటే అక్కడ ఆగండి. ఇంకా బిగిస్తే చక్రం గాల్లో గడిపే సమయమే పెరుగుతుంది.

సాయంత్రం తిరుగు ప్రయాణానికి ముందు టైర్లు చల్లారేదాకా ఆగి గాలి చూడండి. ట్రాక్‌లో వేడి మీద దించిన గాలి చల్లబడ్డాక 26కో అంతకంటే కిందికో పడిపోతుంది. డిక్కీ నిండా సామానుతో, రాత్రి పూట, 16వ నంబరు జాతీయ రహదారి మీద ఆ గాలితో 100 మీద నడపడం టైరు పక్క గోడని ఉడికించడమే. డోర్ స్టిక్కర్ మీద ఉన్న అంకె దాకా గాలి నింపి, షాక్‌ని రోడ్డు క్లిక్కుకి తెచ్చి, చక్రం బోల్టులు మరోసారి 120కి బిగించి బయల్దేరండి.